ముందు చక్రాలు లేచినప్పుడు

ట్రాక్టరు తనంతట తాను తిరగబడదు. తిరగబడేలా నడిపితే తిరగబడుతుంది. నందిగామలోనూ, ఆ తర్వాత జగ్గయ్యపేటలోనూ ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా పనిచేసినన్నాళ్లూ, దెబ్బలు తగిలి వచ్చినవారి వివరాలు రాసే రిజిస్టరులో ‘కారణం’ అన్న గడి దగ్గరికి రాగానే నాకు కోపం వచ్చేది. వెంట వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: “ట్రాక్టరు తిరగబడిందండి.” పిడుగు పడిందన్నట్టు చెప్పేవారు. వెనక ఏం కట్టారు, ఎక్కడ కట్టారు, ముందు ఎవరు కూర్చున్నారు అని నేను అడిగేదాన్ని. “అయ్యన్నీ ఇప్పుడెందుకు సిస్టరు గారూ, ముందు సూదెయ్యండి” అని విసుక్కునేవారు. సూది వేస్తూనే అడిగేదాన్ని. గడిలో చోటు చాలకపోతే అంచున రాసేదాన్ని.

ఇంత రాసిన మనిషిని కట్టుకున్న మా ఆయన కూడా చివరికి అదే పని చేయబోయారు. ఇంట్లో ట్రాక్టరున్న ప్రతివారికీ పనికొస్తుందని ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మా ఆయన బస్సు డ్రైవరు. పెళ్లికి ముందు నేను డ్యూటీకి వెళ్లింది ఆయన బస్సులోనే. నేను రావడం ఆలస్యమైతే స్టాపులో బస్సు ఆపి ఉంచేవారని కండక్టరు పెళ్లిలో అందరిముందూ చెప్పాడు. ఇంజను వేడెక్కితే ఆపానని ఆయన ఇప్పటికీ వాదిస్తారు. ఉద్యోగం అయిపోయాక వాడిన ట్రాక్టరొకటి కొన్నారు. ఆదివారం ఆరాధనకు బయలుదేరేముందు ఆయన చొక్కా నేను ఇస్త్రీ చేస్తుంటే, ఆయన దాని బానెట్ తుడుస్తుంటారు. దేవుడు లోపల చూస్తాడు గానీ బానెట్ చూడడని ఎంత చెప్పినా వినరు.

ట్రాక్టరు వచ్చిన రోజే దానికొక పుస్తకం పెట్టాను. “దీనిక్కూడా కేస్ షీటు రాస్తున్నావా సిస్టరమ్మా?” అని నవ్వారు. కోపం వచ్చినా, సరదా పుట్టినా నన్ను ఆయన సిస్టరమ్మా అనే పిలుస్తారు. బస్సు అలవాటుతో ఆయన ఆయిలు మార్చడానికి కిలోమీటర్లు చూడబోయారు. ట్రాక్టరు ఒకే మడిలో తిరుగుతూ రోజంతా పనిచేస్తుంది కనుక, దాని వయసును ఇంజను తిరిగిన గంటలతో లెక్కించాలి. ముక్త్యాల రోడ్డులో సిమెంటు లారీల వెనక నడిపి వచ్చిన రోజున ఎయిర్ ఫిల్టరు తప్పకుండా విప్పి చూడాలి. మట్టిని గుల్ల చేసే రోటావేటరును తిప్పే షాఫ్టుకు తొడుగు లేకపోతే ఆ దరిదాపులకు ఎవరినీ రానివ్వకూడదు. తువాలుకూ, చున్నీకీ, చేతికీ అది తేడా చూడదు. ఇవన్నీ రాసి ఇంజను పక్కన అతికించాను. ఆయన చించలేదు, చదవనూ లేదు.

పెనుగంచిప్రోలు వైపు మాకు కొద్దిగా నల్లరేగడి చేను ఉంది. అందరితో పాటు మేమూ అందులో సుబాబుల్ వేశాం. కాగితం మిల్లులకు పోయే కర్ర అది. నరికిన మోడు నుంచే మళ్లీ చిగురుస్తుంది కాబట్టి ఏటేటా విత్తే బెంగ లేదు. కొన్ని కోతల తర్వాత దాని మీద మోజు తీరి, మిర్చి వేద్దామనుకున్నాం. అందుకు మోళ్లు పోవాలి. నరికేవాళ్లు కర్ర బరువు కోసం మొదలుకంటా, నేల మట్టానికి కోసి వెళ్లారు. ఇది మొదటి పొరపాటు. మోడు పీకే ఉద్దేశం ఉంటే మోకాలెత్తు వదలమని ముందే చెప్పాలి. లేకుంటే గొలుసుకు పట్టు దొరకదు.

మట్టి తవ్వే ప్రొక్లెయిన్ మిషను పిలిపిద్దామన్నాను. మా ఆయన ముఖం చిన్నబోయింది. “ఇంట్లో ట్రాక్టరు పెట్టుకుని మిషను పిలిస్తే ఊళ్లో ఏమనుకుంటారే?” అన్నారు. ట్రాక్టరును అవమానించానన్నట్టే మాట్లాడారు.

ఒక ఉదయం ఆయన, నేను, మా మరిది చేలోకి వెళ్లాం. మరిది సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అన్నయ్య మాట వేదవాక్కుగా పెరిగినవాడు. మోడు చుట్టూ తవ్వి, పక్కవేళ్లు గొడ్డలితో నరికాడు. అంతవరకు పద్ధతిగానే జరిగింది. గొలుసు కట్టే వేళకు పక్క చేను రైతు గట్టు మీద వచ్చి నిలబడ్డాడు. సలహాలివ్వడంలో ఆయనకు అలసట లేదు.

“కింద కాదండి డ్రైవరు గారూ, పైన కట్టండి. ఎత్తుగా కడితేనే బాగా గుంజుద్ది!”

మా ఆయన నాగలిని పట్టే పై కడ్డీ దగ్గర, అంటే టాప్ లింక్ దగ్గర గొలుసు తగిలించారు. నేను వద్దంటూనే ఉన్నాను. ఇంజను శబ్దంలో నా మాట ఎటు పోయిందో తెలియదు. గేరు పడింది, గొలుసు బిగిసింది, మోడు కదల్లేదు. ట్రాక్టరు ముందు చక్రాలు రెండూ జానెడు పైకి లేచాయి. ఆయన క్లచ్ తొక్కబట్టి దబ్బున కింద పడ్డాయి.

“గుర్రంలా లేచింది చూశారా!” అన్నారు ఆయన సంబరంగా.

“ఏవండీ, చాలు. దిగండి.”

“ఏం కాదులే. ప్రభువు చూసుకుంటాడు.”

“గొలుసు ఎక్కడ కట్టాలో చూసుకునే బుద్ధి ప్రభువు మీకే ఇచ్చాడండీ!”

అందులోని కిటుకు ఎవరికైనా అర్థమయ్యేదే. వెనక ఇరుసు కంటే పైన గొలుసు కడితే, మోడు కదలనప్పుడు ఇంజను బలమంతా ముందుభాగాన్ని పైకి లేపుతుంది. అది వెనక్కి వాలి పడేది నడిపేవాడి మీదే. ఆ వేళ క్లచ్ గుర్తుకు వచ్చేలోపు అంతా అయిపోతుంది. ముందు తగిలించే ఇనుప దిమ్మలు మాకూ ఉన్నాయి. స్టీరింగ్ బరువుగా ఉందని ఆయనే ఊడదీసి, పెరట్లో కట్టెల మీద కప్పిన పరదా ఎగరకుండా పెట్టారు. అవి తెచ్చి తగిలించినా ధైర్యం పెరుగుతుందే గానీ, గొలుసు పైన ఉన్నంతసేపూ ముప్పు తీరదు.

అప్పుడు ఆయన మా మరిదిని పిలిచారు. “ఒరేయ్, ముందు బరువు చాలట్లా. వచ్చి బంపర్ మీద కూర్చో.”

ఇది మా ప్రాంతంలో చాలామంది చేసే పని. బండి ముందుభాగం ఎక్కడ పైకి లేచినా ఒక మనిషిని ముందు కూర్చోబెడతారు. దిమ్మకు బదులు మనిషి! దిమ్మ జారిపడితే ఏడ్చేవాళ్లుండరు. మనిషి జారిపడితే లేచిన చక్రాలు అతని మీదే దిగుతాయి. అలా వచ్చినవాళ్ల నెత్తురు తుడిచిన చేతులివి. ఈసారి రాబోయేది మా మరిది, లేకుంటే మా ఆయన. ఇద్దరూ కూడా కావచ్చు.

“మళ్లీ లేస్తే అన్నయ్యా?” అన్నాడు మరిది.

“లేవకుండా ఉండేందుకే గదరా నిన్ను కూర్చోమంటుంది!”

మరిది నిజంగానే అడుగు వేశాడు. “నువ్వక్కడే ఉండు అబ్బాయ్” అని చెప్పి, కుచ్చిళ్లు దోపుకుని, నేను వెళ్లి బంపర్ మీద కూర్చున్నాను.

“ఏంటే ఇది? దిగు.”

“బరువు కావాలన్నారుగా. అబ్బాయి కంటే నేనే బరువు.”

“ఆ మాట మాత్రం నిజమేనండి సిస్టరు గారూ” అని గట్టు మీది రైతు నవ్వాడు.

“మీరూ రండి, పక్కన చోటుంది. సలహా మీదేగా.”

“నాకు నడుం నొప్పండి” అని ఆయన నాలుగడుగులు వెనక్కి వేశాడు.

మా ఆయనకు కోపం వచ్చింది. “సర్వీసంతా బస్సు నడిపా. ఒక్కళ్లకి గీత పడలా. నాకు చెప్తున్నావా?”

“ఆ సర్వీసులో ఎవరినైనా బంపర్ మీద కూర్చోబెట్టి నడిపారా?”

ఆయన గేరు మీద నుంచి చేయి తీశారు. ఇంజను మాత్రం నా వీపు వెనక వణుకుతోంది. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. చివరికి ఆయనే చాలా మెల్లగా “దిగవే బాబూ” అన్నారు.

“ఇంజను ఆపండి. దిగుతా.”

ఆపారు. దిగాను. నా వంక చూడకుండా ఆయనే గొలుసు విప్పి, ట్రక్కు తగిలించే కింది కొక్కేనికి మార్చారు. మళ్లీ ఎక్కి, చిన్న గేరులో మెల్లగా లాగారు. ముందు చక్రాలు నేలను వదల్లేదు. మోడూ కదల్లేదు. వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగి మట్టిని ఎగజిమ్మాయి.

“చెప్తే విన్లేదు. చూశారా?” అన్నాడు రైతు.

నేను చూడవలసింది చూశాను. కింద కట్టినప్పుడు బరువు మించితే చక్రం ఊరికే తిరుగుతుంది. ఈ పని నా వల్ల కాదని ట్రాక్టరు మర్యాదగా చెప్పే తీరు అది. ఆ మాట వినగానే ఆపేయాలి. ఆపకుండా నడిపితే నల్లరేగడిలో ఇరుసుదాకా దిగబడుతుంది. మా ఆయన ఆపారు. దిగి, చక్రం కింద పడిన గుంటను కాసేపు చూశారు. “దీని పని కాదు. మిషన్ను పిలువు” అన్నారు.

వాన పడి, నేల పదునుకు వచ్చాక ప్రొక్లెయిన్ వచ్చింది. మోళ్లను వేళ్లతో సహా అటూ ఇటూ ఊపి తేలిగ్గా పెకలించింది. దాని చేయి తిరిగినంత మేర దాటి, దూరంగా, మేం ముగ్గురం వేరుముక్కలు ఏరుతూ వెళ్లాం. మరిది ముందు ఉన్నాడు. మా ఆయన నా పక్కకు వచ్చి, వంగి ఏరుతూనే అడిగారు.

“ఇంజను ఆపకపోతే నిజంగానే దిగేదానివి కాదా?”

“మీరు నిజంగానే నడిపేవారా?”

“నువ్వు కూర్చుంటే ఎట్టా నడుపుతానే?” అన్నారు. చేతిలోని వేరును కుప్ప మీదికి విసిరి, ఇంకో రెండు ఏరారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు: “వాడు కూర్చునుంటే నడిపేవాణ్ణి.”

రిజిస్టరు అంచున రాసుకున్న మాటలన్నీ అప్పజెప్పే అవకాశం అది. ఆయన ముఖం చూసి వదులుకున్నాను.

ఆయన లేచి నిలబడి తమ్ముణ్ణి కేకేశారు. “ఒరేయ్, ఎంతసేపురా ఆ ఎండలో? ఇటొచ్చి మంచినీళ్లు తాగు.”

“ఈ వరస అయిపోనీ అన్నయ్యా!”

“వరస యాడికీ పోదు. రా ముందు” అంటూ ఆయనే నీళ్ల సీసా తీసుకుని, పెళ్లగించిన మట్టిలో తడబడుతూ, తమ్ముడి దగ్గరికి నడిచారు.