నూకరత్నం శంఖం

ఇరవై ఆరేళ్లుగా కలకత్తా వాట్‌గంజ్‌లో రోడ్లు ఊడుస్తున్న నూకరత్నం, కిందటేడు దుర్గాష్టమి నాడు ఆ పేట క్లబ్బువాళ్లు, ఒక్క ఊపిరితో ఎవరు ఎక్కువసేపు ఊదుతారో చూద్దామని పెట్టిన శంఖం పోటీలో దగ్గు తెర వచ్చి మధ్యలోనే ఆగిపోయింది. బెంగాలీ కోడళ్లు పకపకా నవ్వారు. ఈసారి నిలబడి ఊదాలని ఆమె పంతం పట్టింది.

వార్డు ఆరోగ్య కార్యకర్త మేరీరాణి వారానికి రెండుసార్లు వచ్చి, ఊపిరి కొలిచే గొట్టం ఆమె చేత ఊదించి అంకె రాసుకునేది. దుమ్ము మీద లావు నివేదికలు రాసే బాబులు ఏనాడూ చీపురు పట్టలేదు, ఏ ఇంటి గడపా తొక్కలేదు. మేరీరాణి మాత్రం ఆ రోజు ఏం వండారో, దేని మీద వండారో కూడా అడిగి రాసుకునేది.

"అత్తా, రోడ్డు మీద ముక్కుకి గుడ్డ కడతావు. ఇంట్లో బొగ్గుల కుంపటి ముందు తీసేస్తావేటి? సెలవునాడు పొద్దంతా వంటే కదా, ఆరోజే నీ అంకె పడిపోతంది, సూడు!" అందొకరోజు.

కుంపటి అటకెక్కింది. మూలపడ్డ గ్యాస్ పొయ్యి బయటికొచ్చింది.

"దీని మీద సేపల పులుసుకి రుచేటే?" అని మొగుడు అప్పలస్వామి సణిగాడు.

"నోర్మూసుకుని తిను మావా. నాను ఊపిరి దాసుకుంటన్నాను."

ఈ అష్టమికి ఆమె శంఖం ఊదుతుంటే అందరికన్నా గట్టిగా లెక్కపెట్టింది అప్పలస్వామే. ఒక్క దగ్గూ లేకుండా లెక్క ఇరవై మూడు దాకా వెళ్లింది. మొదటి బహుమతి ముఖర్జీగారి కోడలికి పోయినా నూకరత్నం పట్టించుకోలేదు. నవ్వుతూ, రొప్పుతూ వచ్చి మేరీరాణి చెయ్యి పట్టుకుంది.

"ఓలమ్మీ, ఇది కూడా రాయే నీ పుస్తకంలో!"