మీ ఇల్లే అనుకోమన్నాను

దేవుణ్ణి నమ్మిన మనిషిని నేను. దయ్యాల మాట మాత్రం ఏనాడూ చెవిన వేసుకోలేదు. మా నాయన నన్ను బడికి పంపలేదు. ఇంట్లోనే పలక చేతికిచ్చి అక్షరాలు దిద్దించాడు. కొత్త మనిషిని చూసి భయమేస్తే ముందు పేరు అడగమనేవాడు. పేరు తెలిస్తే సగం భయం పోతుందనేవాడు. ఆ ఒక్క మాట నేను పాటించని రోజు గురించే ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో కల్పన లేదు. నేను కళ్లారా చూసింది ఒకటి, చెవులారా విన్నది ఒకటి, అంతే.

మాది మదనపల్లె. మా ఆయన లారీలకు చెక్కబాడీలు కట్టే వడ్రంగి. ఎనభైల మొదట్లో ఆయన ఒక పాత వ్యాను వేలంలో కొన్నాడు. అది ఒకప్పుడు పల్లెలు తిరిగి మందులిచ్చిన బండి. అందరూ తుక్కు అన్నారు. ఆయన ఆరు నెలలు రోజూ సాయంత్రం దాంట్లోనే కూర్చుని ఇల్లు చేశాడు. రెండు పక్కలా చెక్కమంచాలు, గోడకు మడిచిపెట్టే బల్ల, స్టవ్వుకు రేకు గూడు, నీళ్లకు డ్రమ్ము. పరుపులు, కిటికీ తెరలు బాషా కుట్టాడు. బాషా మా ఇంటి ముందున్న షెడ్డు పక్కనే సీట్లు కుట్టే మనిషి. నన్ను అక్కా అని పిలిచేవాడు.

అంతా అయినాక నేను ఒక్క కోరిక కోరాను. దీనికి గడప పెట్టించమన్నాను. పండుకునే చోటుకు, వండుకునే చోటుకు గడప లేకపోతే అది ఇల్లెట్లా అవుతుంది?

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. "బండికి గడపేందక్కా, రేపు తులసికోట కూడా కట్టమంటావా?" అన్నాడు బాషా. అయినా మా ఆయన వేపచెక్క చిత్రిక పట్టి వెనక తలుపు కింద బిగించాడు. ప్రతి శుక్రవారం పొద్దున నేను దానికి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టేదాన్ని. ఆ బండిలో మేము నాలుగైదు యాత్రలు చేశాము. స్వామి మాకు అన్ని దర్శనాలూ ఇచ్చాడు. ఊళ్లో అందరూ దాన్ని ఇల్లుబండి అనేవారు.

తర్వాత మా ఆయనకు నడుము పట్టేసింది. డాక్టరు స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. బండి వాకిట్లో నిలబడిపోయింది. మొక్కులకూ పెళ్లిళ్లకూ బాడుగకు ఇస్తారా అని జనం అడగడం మొదలుపెట్టారు. మొదట తెలిసినవాళ్లకు ఇచ్చాము. తర్వాత వాళ్లకు తెలిసినవాళ్లకు. ఆ తర్వాత ఎవరో, ఏ ఊరో తెలియనివాళ్లకు.

సొంత ఇంటి తాళంచెవి అపరిచితుల చేతిలో పెడితే ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది. బండి తిరిగొచ్చినప్పుడల్లా నేను ముందుగా ముక్కుతో వెతికేదాన్ని, తర్వాత కళ్లతో. ఒకరు బల్ల మీద బీడీ ఆర్పి మచ్చ చేశారు. ఒకరు మాంసం వండి, వండలేదని ఒట్టు పెట్టారు. ఇంకొకరు మా గిన్నె ఉంచుకుని సొట్టగిన్నె పెట్టిపోయారు. నాకు మనుషుల మీద అనుమానం అలవాటైపోయింది. అయినా తాళంచెవి ఇచ్చేటప్పుడు నోటికి వచ్చే మాట ఒకటే: "మీ ఇల్లే అనుకోండి."

మా ఆయన ఎగతాళి చేసేవాడు. "ఏమే, పొయ్యేవాళ్లకందరికీ మీ ఇల్లే అంటాండావు. రేపెవుడో పట్టా రాయించుకొనొచ్చి తలుపు తడతాడు సూడు."

ఒక ఎండాకాలం పొద్దున కృష్ణప్ప అనే మనిషి వచ్చాడు. కుప్పం వైపు మొక్కు ఉందన్నాడు. తనూ, భార్యా, బండి నడపడానికి బామ్మర్దీ, ముగ్గురమే అన్నాడు. మూడు రోజులకు అడిగాడు. నాకు అతను మొదటి చూపులోనే నచ్చలేదు. బాడుగ బేరమాడలేదు. నా ముఖం చూసి మాట్లాడలేదు. మా ఆయనతో సదుం దగ్గర పల్లె అని చెప్పినవాడు, షెడ్డు దగ్గర బాషాతో పెద్దతిప్పసముద్రం పక్క అన్నాడట. ఒకటి అటు, ఒకటి ఇటు. ఆ సంగతి నాకు తర్వాత గానీ తెలియలేదు.

వాళ్లు మూటలు సర్దుకుంటుంటే, బండి వెనకాల రాయి మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. తెల్లచీర, బోసి నుదురు, ఒళ్లో చిన్న గుడ్డమూట. ముగ్గురమని నలుగురు ఎక్కుతున్నారే అని లోపల గొణుక్కున్నాను. అయితే ఆమె ముఖం చూసి ఆ మాట పైకి అనలేకపోయాను. చేయి పట్టి మెట్టు ఎక్కించాను. చెయ్యి మామూలుగానే ఉంది. వెచ్చగా, గరుకుగా, పని చేసిన చెయ్యి. ఇది ముఖ్యం కాబట్టి చెబుతున్నాను.

ఆమె గడప ముందు ఆగిపోయింది. లోపలికి అడుగు పెట్టలేదు.

"ఎవురిల్లమ్మా ఇది?" అంది.

"మీ ఇల్లే అనుకో అవ్వా. రా."

"మల్లా పొమ్మనరు గదా?"

నేను నవ్వాను. "యాల అంటామవ్వా? ఎవురూ అనరు."

ఆమె వంగి గడపను తాకి కళ్లకద్దుకుంది. కుడికాలు లోపల పెట్టింది. అంతలో పాలు పొంగుతున్నాయని నేను ఇంట్లోకి పరుగెత్తాను. పేరు అడగలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం బండి వచ్చింది. ముగ్గురు దిగారు.

నేను లోపలికి తొంగిచూశాను. ఎవరూ లేరు. బండి లోపలంతా కడిగి ఉంది. బాడుగకు తీసుకున్నవాళ్లు బండి కడిగి ఇవ్వడం నేను అంతవరకు చూడలేదు. 

"అవ్వ యాడప్పా?" అన్నాను.

"ఏ అవ్వ?" అన్నాడు కృష్ణప్ప.

"మీతో ఎక్కింది గదా, తెల్లచీర అవ్వ."

"మేం పోయిందే ముగ్గురమమ్మా. నువ్వెవురిని సూసినావో ఏమో."

నేను అతని భార్యవైపు తిరిగాను. ఆమె ముందు మొగుడి ముఖం చూసింది. తర్వాత "అవును, ముగ్గురమే" అంది. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. తాళంచెవి నా చేతిలో పెట్టి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారు.

వాళ్లు పోయాక చూశాను గడపను. పసుపు పూసి ఉంది. తడి ఇంకా ఆరలేదు. కుంకుమ లేదు. పసుపు పూసి, బొట్టు పెట్టకుండా గడపను వదిలేసే ఆడది ఎవరుంటారు? కృష్ణప్ప భార్య ముఖాన రూపాయంత బొట్టు ఉంది. కుంకుమ ముట్టని చెయ్యి అయితేనే అట్లా పూస్తుంది.

నాకు ఆ రోజు అన్నం సహించలేదు. కన్నతల్లులను రైల్వే స్టేషన్లలో, సత్రాలలో దించి వెళ్లిపోయిన కొడుకుల గురించి విన్నాను. ఆ పనికి నా బండి వాడారా? నేనే చెయ్యి పట్టి ఎక్కించి పంపానా? మా ఆయన ఆమె బయలుదేరకముందే దిగిపోయి ఉంటుందన్నాడు. బాషాను అడిగాను. ఆ పొద్దున అతను పది అడుగుల దూరంలో కూర్చుని సీటు కుడుతున్నాడు.

బాషా కుడుతున్న సూదిని పక్కన గుచ్చాడు. "నువ్వు మాట్లాడతా ఉంటే విన్న్యానక్కా, తలెత్తి సూడలే. రా అవ్వా అన్నావు. ఎవురూ అనరు అన్నావు. రెండో మనిషి గొంతు నాకినపడలే. ముసలోళ్లు మెల్లగా మాట్లాడతారు, అట్లనుకున్న్యా."

రెండు రోజులు ఆగి, నడుము నొప్పితోనే మా ఆయన నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. ఆ మంచితనానికి నేను ఎన్ని జన్మలైనా రుణపడి ఉంటాను. పుంగనూరులో దిగి సదుం బస్సు పట్టుకుని, కృష్ణప్ప చెప్పిన పల్లెకు పోయాము. అట్లాంటి కృష్ణప్ప మా ఊళ్లో లేడన్నారు. ఆ రాత్రి పుంగనూరులో మా చిన్నమ్మ ఇంట్లో పడుకుని, తెల్లవారి కుప్పం చేరాము. బండి అక్కడ ఒక సత్రం ముందు ఆగిందని కృష్ణప్ప బామ్మర్ది ఆ రోజు బండి దిగుతూ మాటల్లో అన్నాడు. అది వెతికి పట్టుకున్నాము.

మేము బండి ఆనవాళ్లు చెప్పగానే సత్రం ఊడ్చే మునెమ్మ గుర్తుపట్టింది. అవ్వ గురించి అడిగాను. చీపురు పక్కన పెట్టి, నడుము మీద చెయ్యి వేసుకుంది.

"యాల ఉండదు, ఉండె. పొద్దన్నే తలుపు కాడ కూసోని గడపకు పసుపు పూస్తాండె. యావూరవ్వా నీది అంటే, ఇదే నా ఇల్లు, మదనపల్లె అమ్మ ఇచ్చింది అనె. బండిని ఇల్లంటాదే, దీనికేమన్నా పిచ్చా అనుకుంట్ని."

నేను ఆమె దగ్గరికి జరిగాను. "ఆమెను ఈడ దించి పోయినారా?"

"లేదమ్మా. బండి కదిలేటప్పుడు లోపలే ఉండె. కిటికీలోనించి నాకు చెయ్యి కూడా ఊపె."

అంటే కుప్పంలో దిగలేదు. మదనపల్లెలో దిగలేదు. మధ్యలో ఏమైంది? పోలీసు స్టేషనుకు పోయాము. అక్కడి పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి, ఓపికగా విన్నాడు. కాగితం తీసి, "ఆమె పేరేందమ్మా?" అన్నాడు.

నాకు తెలియదు. ఊరు తెలియదు, బిడ్డలెవరో తెలియదు. ఎవరి గురించి వెతకమని చెప్పాలి? ఆయన కలం మూసిన చప్పుడు నా చెవుల్లో చాలాకాలం ఉండిపోయింది.

ఇంటికి వచ్చాక బండిని ఎవరికీ ఇవ్వకుండా తాళం వేశాము. తాళంచెవి నా నడుము దగ్గర రొంటినే దోపి ఉండేది. తలుపు బయటికి తెరుచుకుంటుంది, మూస్తే గడప తలుపు వెనక ఉండిపోతుంది. అంటే తాళం తీయనిదే గడపను ముట్టుకోలేరు. ఆ శుక్రవారం నేను పసుపు గిన్నెతో పోయి తలుపు తీశాను. గడపకు అప్పటికే పసుపు ఉంది. తడిగా. బొట్టు లేదు.

నేను అందరినీ అనుమానించాను. పక్కింటివాళ్లను, బాషాను, చివరికి నన్ను ఆటపట్టిస్తున్నాడేమోనని మా ఆయనను కూడా. ఆ పాపానికి స్వామి ముందు చెంపలు వేసుకున్నాను. తర్వాతి గురువారం సాయంత్రం మెట్ల చుట్టూ ముగ్గుపిండి పలుచగా చల్లాను. పొద్దున పిండి మీద పిల్లి అడుగులు నాలుగు తప్ప ఏమీ లేవు. తలుపు తీస్తే గడప పచ్చగా ఉంది. ఈసారి మా ఆయన, బాషా నా వెనకే నిలబడి చూశారు. ఎవరూ నవ్వలేదు.

కొన్ని నెలల తర్వాత, పుంగనూరులో మా చిన్నమ్మకు తెలిసిన ఒక అయ్యవారు చంటిబిడ్డ మొక్కుకని బండి అడిగాడు. వాళ్ల మంచితనం చూసి కాదనలేకపోయాము. తాళంచెవి ఇచ్చేటప్పుడు నేను నోరు మెదపలేదు. తిరిగొచ్చినప్పుడు ఆయన భార్య నా రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, మీ అవ్వను తోడు పంపిస్తిరి, ఎంత పుణ్యం కట్టుకుంటిరి! నేను నీళ్లకు పోయొచ్చేలోపల బిడ్డను ఒళ్లో యేసుకోని ఊపుతాండె."

పక్కనే ఉన్న ఆమె భర్త ముఖం చిట్లించాడు. "ఏ అవ్వ?" అన్నాడు.

కృష్ణప్ప అన్న మాటే. అదే మాట, అట్లాగే. ఆ క్షణంలో నాకు మొదటిసారి అనిపించింది, ఆ రోజు కృష్ణప్ప అబద్ధమాడలేదేమో. అయితే తప్పుడు ఊరి పేరు ఎందుకు చెప్పాడు? బండి ఎందుకు కడిగాడు? అతని భార్య ముందు మొగుడి ముఖం ఎందుకు చూసింది? అతని మీద అనుమానం నాకు పూర్తిగా పోలేదు. అవ్వ ఎక్కినప్పుడు బతికున్న మనిషే అయితే, అతను ఏదో చేశాడు. కాకపోతే, ఆ వెచ్చని చెయ్యి ఎవరిది?

మా ఆయన బండి అమ్మేద్దామన్నాడు. నేను ఒప్పుకున్నాను. అయితే బేరం కుదిరిన రోజు అవ్వ అడిగిన మాట గుర్తొచ్చింది. మల్లా పొమ్మనరు గదా? ఎవరూ అనరని చెప్పింది నేనే. మాట ఇచ్చి, ఇల్లు కాళ్ల కింద నుంచి లాగేస్తే ఆమెను పొమ్మన్న కొడుకెవడో, నేనూ వాడిలాగే అవుతాను. మా ఆయనకు చెప్పాను. ఆయన ఎదురు మాట్లాడకుండా ఉలి తీసుకుని ఆ వేపచెక్క ఊడదీశాడు. మా ఇంటి పెరటి గదికి, ఉన్న గడప మీదే బిగించాడు. బండి గడప లేకుండానే కొన్నవాళ్ల వెంట కుప్పం దాటి పోయింది.

అప్పటినుంచి శుక్రవారాల్లో కొన్నిసార్లు నాకంటే ముందే ఆ చెక్కకు పసుపు ఉండేది. బొట్టు లేకపోవడమే నాకు ఆనవాలు. నేను కుంకుమ పెట్టి, ఒక గ్లాసు మజ్జిగ అక్కడ ఉంచి, నా పనికి నేను పోయేదాన్ని. మా ఇంటికి ఆమె వల్ల కీడు జరగలేదు. అందుకు స్వామికి రోజూ దండం పెట్టుకుంటాను. ఇంటికి ఎవరొచ్చినా రండి, కూర్చోండి అంటాను. మీ ఇల్లే అనుకోండి అని మాత్రం మళ్లీ ఎవరితోనూ అనలేదు.

మా ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేనూ కుంకుమ ముట్టను. వయసు మీదపడింది, చేసిన పని చేశానో లేదో గుర్తుండదు. పెరటి గది గడప పచ్చగా కనిపించిన పొద్దున, ఆ పసుపు పూసింది నా చెయ్యో, అవ్వ చెయ్యో చెప్పడానికి నాకున్న ఒక్క ఆనవాలూ లేకుండా పోయింది.