మా ఇంటి నేల, నా బొటనవేలు

సొంతిల్లు అన్న మాట వింటేనే ఒళ్ళు పులకరించిన రోజులు అవి. పెళ్ళయిన నాలుగేళ్ళలో మూడు అద్దె ఇళ్ళు మారాం. "గోడకి మేకు కొట్టకండి, నీళ్ళు అలా పారబొయ్యకండి" అన్న మాటలు విని విని, మాకంటూ ఒక గోడ ఉంటే దానికి మా ఇష్టం వచ్చినన్ని మేకులు కొట్టుకోవచ్చు కదా అని కలలు కనేవాళ్ళం. ఆ వయసులో మనిషికి తన ఇంటి మీద ఉన్నంత ప్రేమ నిజం మీద ఉండదనుకుంటాను. ఎందుకంటే ఆ ఇల్లు బాగుచేయించుకుంటున్నప్పుడు నేను ఒక మాట చెప్పవలసి ఉండి చెప్పలేదు. పద్దెనిమిదేళ్ళు చెప్పలేదు. మా ఇంటికి భోజనానికి వచ్చి, వంటింటి గుమ్మం దగ్గర కాలు తట్టుకున్న చుట్టాలందరికీ "మేస్త్రిగారు చూపు తగ్గి లెవెలు తప్పారండి, ఏం చేస్తాం" అని నవ్వుతూ చెప్పాను. అది అబద్ధం. అసలు జరిగింది ఇప్పుడు రాస్తున్నాను.

మేము కొన్నది రామచంద్రపురంలో ఒక పాత పెంకుటిల్లు. ముందుగది, మధ్యగది, వెనకాల వంటిల్లు. కొన్నామంటే గోడలు కొన్నాం. కప్పు గురించి అమ్మినాయన మాట్లాడలేదు, మేమూ అడగలేదు. మొదటి వానకి మధ్యగదిలోనే ఏడు గిన్నెలు పెట్టాల్సి వచ్చింది (మా ఆవిడకి పుట్టింటివారు పెట్టిన సామానంతా ఒకేసారి వాడకంలోకి వచ్చింది ఆ రోజే). రెండో వానకి వీధిలో నీళ్ళు గడప దాటి లోపలికి వచ్చాయి. పైనుంచి వచ్చిన నీళ్ళూ వీధిలోంచి వచ్చిన నీళ్ళూ మా మంచం కింద కలుసుకున్నాయి. ఇక లాభం లేదని పెంకులు తీసి శ్లాబు వెయ్యడానికీ, పాత గచ్చు తవ్వి నేల ఎత్తు పెంచి టైల్స్ పరచడానికీ సిద్ధపడ్డాం. నాకు అప్పటికి ముప్పై నిండలేదు. బళ్ళో సైన్సు చెప్పేవాణ్ణి. ఇల్లు కట్టడం గురించి నాకు తెలియనిదేమీ లేదనుకునేవాణ్ణి.

పని ఒప్పుకున్నాయన ఆత్రేయపురం వైపు పల్లెటూరివాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని 'లెవెల్ మేస్త్రి' అనేవారు. ఆయన వేసిన నేల మీద నీళ్ళు పోస్తే, ఆయన ఏ మూలకి వెళ్ళమన్నాడో ఆ మూలకే వెళ్తాయని చెప్పుకునేవారు. సన్నగా, పొడుగ్గా, చెవి మీద పెన్సిలుతో ఉండేవాడు. మాట తక్కువ. మొదటి రోజు ఇల్లంతా ఒకసారి తిరిగి, "మన డెల్టాలో ఇల్లంటే ముందు నీళ్ళ సంగతండి, తర్వాతే మనుషుల సంగతి" అన్నాడు. ఆ మాటతో మా ఆవిడ ఆయనకి శిష్యురాలైపోయింది. పదింటికి టీ, పన్నెండింటికి మజ్జిగ, మూడింటికి మళ్ళీ టీ. నాకు ఆ మూడూ ఆయన తాగాక మిగిలితే వచ్చేవి.

నేల మట్టం చూసుకోవడానికి ఆయన దగ్గర లెవెల్ ట్యూబు ఉండేది. అదేమీ పెద్ద యంత్రం కాదు, వేలు లావున్న ప్లాస్టిక్ గొట్టం. దాన్లో నీళ్ళు నింపి ఒక చివర ఈ గోడకీ, రెండో చివర ఆ గోడకీ పట్టుకుంటే రెండు వైపులా నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. అక్కడ గీత గీసుకుంటే ఇల్లంతటికీ ఒకే మట్టం దొరుకుతుంది. ఆ గీతల్ని బట్టే నేలకి వాలు పెడతారు. నడిచేటప్పుడు నీళ్ళు ఒలక్కుండా చివర్లని బొటనవేలితో మూసుకోవాలి, గోడ దగ్గరికి వెళ్ళాక వేలు తియ్యాలి. తియ్యకపోతే లోపలి గాలి నీళ్ళని నిలవాల్సిన చోట నిలవనివ్వదు. విద్యంతా ఇంతే.

రోజూ రెండో చివర పట్టుకునే ఆయన బావమరిది ఆ రోజు పిఠాపురంలో పెళ్ళికి వెళ్ళాడు. పని ఆపేద్దామన్నాడు మేస్త్రి. "దానికి ఆపడమెందుకండీ, నేను పట్టుకుంటాను" అన్నాను. ఆయన మొహమాటపడ్డాడు. "మీరెందుకండి, బట్టలు పాడవుతాయి." నేను ఊరుకోకుండా, ద్రవాలు తమ మట్టాన్ని తామే ఎలా వెతుక్కుంటాయో, ఎందుకు వెతుక్కుంటాయో ఆయనకి పది నిమిషాలు పాఠం చెప్పాను. ఆయన చెవి మీద పెన్సిలు సర్దుకుంటూ అంతా విని, "ఆయ్. కాకపోతే వేలు తియ్యాలండి" అన్నాడు.

ముందుగదిలో నేను వేలు తియ్యడం తీశాను గానీ, గొట్టాన్ని కిందకి దించి మరీ తీశాను. నీళ్ళు పిచికారీలా వచ్చి బడికని తొడుక్కున్న తెల్లచొక్కా మీద పడ్డాయి. టీ గ్లాసుతో వస్తున్న మా ఆవిడ గుమ్మంలో ఆగిపోయి, "ఏమండీ, ఇందాకే స్నానం చేశారు కదా" అంది. మేస్త్రి నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి గోడ వైపు తిరిగాడు. మధ్యగదిలో జాగ్రత్తగా చేశాను. వంటింటికి వచ్చేసరికి గోడ అడ్డం, నాకు ఆయన కనపడడు, ఆయనకి నేను కనపడను. బడికి వేళవుతోంది. చొక్కా ఇంకా ఆరలేదు. అటునుంచి గొంతు వినిపించింది.

"వేలు తీశారాండి?"

"తీశానండి."

తియ్యలేదు. గొట్టంలో నీళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి కదా, వేలుంటే ఏంటి, లేకపోతే ఏంటి అనిపించింది (నాకు సైన్సులో వచ్చిన మార్కుల సంగతి ఇక్కడ రాయను). "అయితే గీత పెట్టెయ్యండి" అన్నాడు. పెట్టేశాను, స్కేలుతో గీసినట్టు, చాలా అందంగా. ఇంకొకరైతే ఆయన వచ్చి మళ్ళీ చూసుకునేవాడేమో. మేస్టారు చెప్పారు కదా అని చూసుకోలేదు.

గృహప్రవేశం నాడు మధ్యగదిలో పీటల మీద కూర్చుని వ్రతం చేసుకుంటున్నాం. టైల్స్ అద్దంలా మెరుస్తున్నాయి. కొత్త పంచె కట్టుకుని వచ్చిన మేస్త్రి గుమ్మం పక్కన నిలబడ్డాడు, లోపలికి రమ్మంటే "ఇక్కడ బాగుందండి" అన్నాడు. పాలు పొంగించడం అయిపోయాక మా మేనత్త, కొత్త వంటిల్లు ఒకసారి కడిగేస్తే శుభ్రంగా ఉంటుందని, గంగాళంలో ఉన్న నీళ్ళు నేల మీద కుమ్మరించింది. పెరటి గోడలో తూము ఉంది, నీళ్ళు అటు పోవాలి. పోలేదు. పసుపూ పువ్వులూ మోసుకుంటూ నెమ్మదిగా, పిలిచిన పేరంటానికి వస్తున్నట్టు, మధ్యగదిలోకి వచ్చాయి. ముందు మా ఆవిడ పట్టుచీర అంచు తడిసింది. "ఏమండీ, నీళ్ళు" అంది పెదవులు కదపకుండా. పంతులుగారు మంత్రం ఆపకుండానే పుస్తకం పైకెత్తి, మోకాళ్ళు పైకెత్తి, చివరికి పీటతో సహా లేచి ఒక వారకి జరిగారు. చాప మీద గోడకి చేరబడి కునుకు తీస్తున్న మా ఆవిడ పెదనాన్నగారు ఉలిక్కిపడి లేచారు. వెనకవైపు పంచె మోకాళ్ళ దాకా తడిసింది. "గోదారి గట్టు తెగిందేంట్రా" అన్నారు. అందరూ నవ్వారు. ఆయనొక్కరే నవ్వలేదు. గుమ్మం వైపు చూసి, "ఏమయ్యా, లెవెల్ మేస్త్రివంట కదా" అన్నారు.

మేస్త్రి చెప్పులు విడిచి లోపలికి వచ్చి, చెంబుతో నీళ్ళు తీసుకుని వంటింట్లో పోసి, వంగి చూశాడు. నీళ్ళు ఆయన కాళ్ళ మధ్యగా మా వైపే వచ్చాయి. ఇంకో చెంబు పోశాడు. అవీ వచ్చాయి. సరిగ్గా అప్పుడు నాకు నా బొటనవేలు గుర్తొచ్చింది. పీట మీద కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే బిగుసుకుపోయాను. లేచి ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ గదిలో నా తోటి మేస్టార్లు నలుగురున్నారు. హెడ్మాస్టారున్నారు. సైన్సు మేస్టారి ఇంట్లోనే నీళ్ళు వెనక్కి పారాయంటే ఇక నేను ఏ మొహంతో పాఠం చెప్పాలి?

"నా చూపు పోయినట్టుందండి బాబూ" అన్నాడు మేస్త్రి. ఎవరితోనూ కాదు, నేలతో అన్నాడు. తర్వాత మా ఆవిడ వైపు చూసి, "పీకేసి మళ్ళీ వేస్తానమ్మా. రేపే మొదలెడతాను" అన్నాడు.

ఇక్కడే నేను చేసింది రాయడానికి చెయ్యి రావడం లేదు. నేను ఆయన్ని క్షమించాను. లేచి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, "పర్లేదండీ మేస్త్రిగారూ, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. పీకక్కర్లేదు" అన్నాను. మళ్ళీ కొలిస్తే బయటపడుతుందని నా భయం. చుట్టాలకి ఆ సంగతి తెలియదు కదా. "ఎంత మంచి మనసండీ మేస్టారిది" అన్నారు. పెదనాన్నగారు తడిపంచెతోనే నా వీపు తట్టారు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. పెళ్ళయ్యాక అంత గౌరవంగా చూడడం అదే మొదటిసారి. ఆ చూపు పోగొట్టుకోవడం నా వల్ల కాలేదు.

మర్నాడు మేస్త్రి వచ్చి, వంటింటి గుమ్మంలో నాలుగు వేళ్ళ ఎత్తున గట్టు కట్టి వెళ్ళాడు. నీళ్ళు ఆగాయి. మనుషులు తట్టుకోవడం మొదలైంది. మా అమ్మాయి నడక నేర్చుకుంది ఆ గట్టు దాటుతూనే. కొన్నాళ్ళకి మేస్త్రి బజారులో కనిపించి, రాజమండ్రి వెళ్ళి కళ్ళు చూపించుకున్నానని చెప్పాడు. "డాక్టరుగారు బాగానే ఉన్నాయన్నారండి. ఆయనకేం తెలుసు, నీళ్ళు చెప్పాయి కదా" అన్నాడు. గొట్టం అల్లుడికి ఇచ్చేశాడట. ఇక మట్టం చూడడట. అల్లుడి కింద గోడలకి ప్లాస్టరింగ్ చేస్తున్నాడట. అప్పుడు కూడా ఒక్క మాట చాలు. "ఆరోగ్యం జాగ్రత్తండి" అని చెప్పి వచ్చేశాను. ఆ తర్వాత ఏటేటా ద్రవాల పాఠం వచ్చినప్పుడు నాకు జలుబు చేసేది. ఆ పాఠం పక్క సెక్షను మేడంగారు చెప్పేవారు.

మొన్న వేసవిలో వంటిల్లు మళ్ళీ బాగుచేయించాలని మా ఆవిడ పట్టుబట్టింది. టైల్స్ పని చేసేటాయన లేజరు పెట్టెతో వచ్చాడు. అది ఎర్రటి గీత గోడల మీద వేస్తుంది, ఎవరూ ఏదీ పట్టుకోనక్కర్లేదు. ముందుగది, మధ్యగది చూసి, "ఎవరండీ వేసింది? నూలుపోగంత తేడా కూడా లేదు" అన్నాడు. వంటింట్లోకి వచ్చి తల గోక్కున్నాడు. "ఇక్కడ మాత్రం రెండంగుళాల పైనే ఎత్తుందండి. పాతవాళ్ళు కదా, పాపం కళ్ళు ఆనేవి కావు."

"అవునండి, ఆయనకి చూపు తగ్గింది పాపం" అంది మా ఆవిడ.

పద్దెనిమిదేళ్ళుగా నేను అన్న మాటే అది. ఆవిడ నోట, జాలిగా, నిజం చెబుతున్నట్టుగా వినేసరికి ఇక మింగుడు పడలేదు. "ఆయన చూపు బాగానే ఉంది. నేనే వేలు తియ్యలేదు" అన్నాను. అంతా చెప్పాను. లేజరాయన మర్యాదగా పెరట్లోకి వెళ్ళి ఫోను చూసుకున్నాడు. మా ఆవిడ వంగి గుమ్మంలోని గట్టుని చేత్తో తడిమింది. "ఆయనకి మజ్జిగ ఇవ్వడం మానేశాను నేను. గట్టు కట్టిన రోజు. గ్లాసు చేతిలో ఉండి కూడా ఇవ్వలేదు" అంది. ఆ తర్వాత, "రేపు ఆదివారం. ఇద్దరం వెళ్దాం" అంది.

వెళ్ళేసరికి మేస్త్రి ఇంటి ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు, పక్కన చేతికర్రతో. జుట్టంతా నెరిసింది. మమ్మల్ని చూసి లేవబోతే మా ఆవిడ కూర్చోబెట్టింది. దారి పొడుగునా పెద్ద ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. ఒక్క వాక్యం గుర్తు లేదు. "మేస్త్రిగారూ, ఆ రోజు వంటింట్లో నేను వేలు తియ్యలేదండి" అన్నాను.

ఆయన నా వైపు చూస్తూనే ఉన్నాడు. "అడిగానండి నేను" అన్నాడు.

"అడిగారు. తీశానన్నాను."

"మీరు మేస్టారు కదా అని మళ్ళీ చూసుకోలేదండి." కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. అరచేతులు రెండూ కళ్ళ ముందు పెట్టుకుని, తిప్పి తిప్పి చూసుకున్నాడు. "అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట. ఆ డాక్టరుగారిని ఎన్ని మాటలన్నానండి." లోపలికి కేకేసి అల్లుణ్ణి పిలిచాడు. "మేస్టారూ, ఇందాకటిది మళ్ళీ చెప్పండి." చెప్పాను. కూతురు వచ్చింది. మళ్ళీ చెప్పాను. ఆ తర్వాత ఆయన కండువా భుజాన వేసుకుని, "రండి, టీ తాగుదాం" అని కాలవ గట్టున ఉన్న టీ కొట్టుకి నడిచాడు. చేతికర్ర ఇంటి దగ్గరే వదిలేశాడు. మా ఆవిడ ఆయన పక్కనే నడిచింది, నేను వెనకాల.

కొట్టు దగ్గర బల్ల మీద ఆయన ఈడు తాపీమేస్త్రులు ముగ్గురు కూర్చున్నారు. అందులో అందరికంటే పెద్దాయన్ని చూపిస్తూ, "ఈయనకి చెప్పండి. పద్దెనిమిదేళ్ళుగా నన్ను గుడ్డి మేస్త్రి అంటాడు" అన్నాడు. నేను చేతులు కట్టుకుని చెప్పాను. పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటీ?" అన్నాడు.

"చెవుడండి. కాస్త గట్టిగా చెప్పాలి" అన్నాడు మా మేస్త్రి, ఎంతో మర్యాదగా.

అలా ఆ ఆదివారం నేను కాలవ గట్టు మీద నిలబడి, అవతలి ఒడ్డున బట్టలు ఉతుక్కునేవాళ్ళు కూడా తలెత్తి చూసేలా, మా ఇంటి నేల వంకర రావడానికి కారణం నేనేననీ, అబద్ధం చెప్పింది నేనేననీ, ఈయన కొలతలో ఏ తప్పూ లేదనీ అరిచి చెప్పాను. క్లాసులో ఏ పాఠమూ అంత స్పష్టంగా చెప్పి ఉండను. తోటి మేస్టార్ల ముందు పరువు పోతుందని పీట మీద బిగుసుకుపోయిన ఆ ముప్పై లోపు మనిషి మీద, అరుస్తూ అరుస్తూనే నాకు నవ్వొచ్చింది, జాలి కూడా వేసింది. ఇంత తేలికని తెలిసి ఉంటే అప్పుడే లేచి ఉండేవాడు, పాపం.

పెద్దాయనకి ఈసారి వినపడింది. మా మేస్త్రి వైపు తిరిగి తల ఊపి, బల్ల మీద కాస్త జరిగి చోటిచ్చాడు. మేస్త్రి కూర్చుని, కండువా అంచుతో మొహం తుడుచుకున్నాడు. మా ఆవిడ టీ గ్లాసు తీసుకుని తనే ఆయన చేతికిచ్చింది. ఇక అరవనక్కర్లేదు కాబట్టి నేను ఆయన ముందు వంగి, ఆయనొక్కరికే వినపడేలా, "తప్పయిపోయింది, క్షమించండి మేస్త్రిగారూ" అన్నాను.