ఎస్తేరమ్మక్క పేరు మీద చెల్లిన మాటలు

మా ఇంటి పెద్దకోడలు, నా తోడికోడలు ఎస్తేరమ్మక్క ప్రభువునందు నిద్రించిందని పాస్టరుగారు మందిరం మైకులో ప్రకటించేసరికే ఆ వార్త నాకు చేరింది. చేరిందే గాని లోపలికి దిగలేదు. పలాసలో జీడిపప్పు పొట్టు తీస్తూ కూర్చున్నాను. ఆమె భర్త, మా బావగారు, ఫోన్ చేశారు.

“దీనమ్మా, మీ అక్క ఎల్లిపోనాదమ్మా.”

“ఎక్కడికి బావా? ఇయ్యాల మిషను లేదు గదా?” అన్నాను.

మా ఉద్దానంలో మిషను అంటే కుట్టుమిషను అనుకునేవారు ఇప్పుడెవరూ లేరు. కిడ్నీలు చెడినవారి రక్తాన్ని కడిగే యంత్రం అది. వారంలో ఆ యంత్రం ఎక్కాల్సిన రోజుల్లోనే అక్క గడప దాటేది. కాబట్టి వెళ్ళిందంటే పలాస ఆస్పత్రికే అనుకున్నాను. అవతల బావగారు ఏడ్చిన తర్వాత గాని నాకు తెలుగు అర్థం కాలేదు. పదిమందిని నవ్వించడమే పనిగా బతికిన నా నోరు, ఆమె మరణవార్తకు ఇచ్చిన తొలి జవాబు అది.

ఆమె సభ్యురాలిగా ఉన్న బరోక్ చిత్రకళా అధ్యయన బృందంవారు తమ సంస్మరణ సంచికకు ఆమెను గురించి రాయమని నన్ను కోరారు. నేను ఆరో తరగతిలోనే బడికి వీడ్కోలు పలికినదాన్ని. నాకున్న కాస్త గ్రాంథికం బైబిలు పెట్టిన భిక్ష. మిగిలినది పేపర్లలో వచ్చే శ్రద్ధాంజలి ప్రకటనల ప్రసాదం. నా పేరు దీనమ్మ గాని, నన్ను దీనురాలిగా చూసిన కన్ను మా ఊళ్ళో లేదు. మరొకటి ముందే విన్నవించుకుంటాను. ఈ వ్యాసంలో శోకం కన్నా అసూయ పాలు ఎక్కువ. “పరమపదించినవారి మీద అసూయేమిటమ్మా?” అని పాస్టరుగారు మందలించారు. “బతికున్నన్నాళ్ళూ పడ్డాను అయ్యగారూ, అంత అలవాటు ఒక్క భూస్థాపనకే పోతుందా?” అన్నాను.

ఎస్తేరమ్మక్క టెక్కలిలో ఇంటరు చదివి మా ఇంట కాలుపెట్టిన మనిషి. మితభాషిణి, సౌమ్యమూర్తి, సహనశీల. ఈ మూడు మాటలూ శ్రద్ధాంజలి ప్రకటనల్లో అందరికీ వేస్తారు. ఆమె విషయంలో మాత్రం నిజం. ఇంటికి ఎవరొచ్చినా మా అత్తగారు, “పెద్దదానికి సదువున్నాది, సిన్నదానికి నోరున్నాది” అని మమ్మల్ని పరిచయం చేసేవారు. చదువుకు కుర్చీ వేసేవారు. నోటికి టీ పెట్టే పని చెప్పేవారు. ఆ కుర్చీ మీద నా కడుపుమంట ఆనాడే మొదలైంది.

అంతకన్నా మండించిన సంగతి, నేనెంత హాస్యమాడినా ఆమె నవ్వేది కాదు. పెళ్ళిపందిరి మొత్తం పొట్ట పట్టుకున్న మాటకు కూడా కళ్ళద్దాలు సర్దుకుని “ఊఁ” అని ఊరుకునేది. తానుగా ఒక్క వేళాకోళమైనా ఆడగా మేమెవరం ఎరుగం.

జబ్బు చేసినాక నేనే తోడు వెళ్ళేదాన్ని. ఒకనాడు కొత్తగా చేరిన నర్సమ్మ సూది సరిగ్గా దించలేక కన్నీళ్ళు పెట్టుకుంది. పొడిపించుకున్నది అక్క, ఏడ్చింది నర్సు. అక్క ఆ పిల్ల చెయ్యి నిమిరి, “నెమ్మదిగా గుచ్చమ్మా, నాకేటి తొందర లేదు” అంది. నాకైతే ఆ సూది ఎవరికి గుచ్చాలో తోచింది. ఆమె సహనాన్ని చూసి గౌరవించాను, అంతలోనే కుళ్ళుకున్నాను కూడా. మంచితనం పక్క మంచం మీద ఉంటే మన గయ్యాళితనం మరీ ఎత్తుగా కనిపిస్తుంది.

అక్క యంత్రం మీద ఉన్నంతసేపూ నేను బల్ల మీద కూర్చుని ఆ గదిని నవ్వించేదాన్ని. పక్క మంచాలవారు “దీనమ్మొచ్చిందేటి?” అని ఆరా తీసేవారు. అది నా రాజ్యం. ఆ రాజ్యంలోకి ఫోను దిగింది. టెక్కలిలో అక్కతో చదువుకున్న స్నేహితురాలెవరో ఆమెను ఈ బృందంలో చేర్చింది. ఇచ్ఛాపురం నుంచి హైదరాబాదు దాకా చెదిరి ఉన్న తెలుగువారు ఫోన్లలో కలుసుకుని, బరోక్ అనే, మూడు నాలుగు వందల ఏళ్ళనాటి యూరప్ చిత్రాల చరిత్ర చదువుకుంటారట. గురువు లేడు. ఆదివారం సాయంత్రం ఒకరు ఒక బొమ్మను ఎంచుకుని మిగతావారికి బోధించాలి. వారడిగిన ప్రశ్నలకు జవాబివ్వాలి. ఇదెక్కడి బడి, పిల్లలే మేష్టర్లా అన్నాను. “ఊఁ” అంది.

ఆనాటి నుంచి ఆమె కళ్ళు ఫోనులోనే. మా గుడి గోడలకు సున్నం తప్ప మరేమీ ఎరగని బాప్టిస్టు కుటుంబం మాది. ఆ గోడలు చూసి పెరిగిన మనిషి మేఘాలను, రెక్కలను, రక్తాన్ని, పట్టుబట్టల మడతలను అంత ఆకలిగా చూస్తుంటే నాకు వింతగా ఉండేది. నా మాటకు విచ్చుకోని ఆ ముఖం బొమ్మలకు విచ్చుకునేది. సవతి పోరంటే ఇదే కాబోలు, మనిషి రూపంలోనే రానక్కర్లేదు అనుకున్నాను.

అయితే ఒక్క మర్యాద పాటించింది. ప్రతి బొమ్మనూ ముందు నాకు చూపించేది.

“సెల్లీ, ఇది సూడు. నీకేటనిపిత్తంది?”

మొదటి బొమ్మ నిండా చీకటి. పదిమంది ఉన్నారు, ఒక్కడి మీదే వెలుగు. “తుఫానెల్లిన మర్నాడు మన ఊరే గదక్కా ఇది! ఊరంతటికీ కరెంటు పోయి, పెసిడెంటు ఇంటికే ఒచ్చినాది” అన్నాను. పక్క మంచం తాత దగ్గు తెరల నడుమ నవ్వాడు. అక్క “ఊఁ” అని కళ్ళు మూసుకుంది.

మరొకసారి ఏదో గుడి లోకప్పు చూపించింది. ఆకాశం చిల్లుపడి దేవదూతలు గుంపులుగా రాలుతున్నారు. “మన కప్పులో వాన కారతాది, ఆళ్ళ కప్పులో దేవదూతలు కారతన్నారు. కింద గిన్నెలెట్టారా, లేదా?” అన్నాను. కళ్ళు మూసుకుంది.

ఇంకొకసారి, శత్రుసేనాని తల నరుకుతున్న వీరవనిత బొమ్మ. ఆ కథ మన బైబిల్లో లేదు, కతోలికుల బైబిల్లో ఉందని అక్క వివరించింది. నేను ఆ వనిత చేతులు చూశాను. రవిక చేతులు పైకి మడిచి, ఒళ్ళు దూరంగా పెట్టి, ముఖం పక్కకు తిప్పుకుంది. “ఈవిడ పనసకాయలు కోసిన మనిసే అక్కా. జిగురంటకుండా ఎలా నిలబడ్డాదో సూడు” అన్నాను. గదంతా ఘొల్లుమంది. ఈమె మళ్ళీ కళ్ళు మూసుకుంది. నా హాస్యం ఆమెకు నిద్రమాత్ర కాబోలని చిన్నబుచ్చుకున్నాను.

ఆదివారం సాయంత్రాలు ముందుగదిలో తలుపు వేసుకుని పాఠం చెప్పేది. నేను పెరట్లో చేప పొలుసు గీరుతూ ఉంటే ఫోనులోంచి నవ్వులు వినిపించేవి. నవ్వులు! ఎస్తేరమ్మక్క మాటకు! ఎవరు నవ్విస్తున్నారో, ఏమని నవ్విస్తున్నారో తెలియక చెవి తలుపుకు వేలాడేసేదాన్ని. మా ఆయన, “కుల్లిపోతంది సేపా, నువ్వా?” అని నన్ను ఆటపట్టించేవాడు.

ఆ జవాబు ఆమె పోయాక దొరికింది. భూస్థాపన అయిన తర్వాతి ఆదివారం బృందంవారు సంతాపసభ జరిపారు. బావగారూ నేనూ అక్క ఫోను ముందు కూర్చున్నాం. ఇచ్ఛాపురం పెద్దమనిషి భాస్కరరావుగారు గొంతు సవరించుకుని, “ఎస్తేరమ్మగారి చమత్కారం లేని ఆదివారం ఎలా గడుస్తుందో తెలియడం లేదు. ఆ పనసకాయ మాట ఎవరు మరవగలరు?” అన్నారు. తెర మీది ముఖాలన్నీ కన్నీళ్ళతో నవ్వాయి. మరొకావిడ కారే కప్పును తలచుకుంది. ఇంకొకాయన, “చీకటివెలుగుల గురించి ఎన్ని పుస్తకాలు చదివినా పెసిడెంటు ఇంటి కరెంటు మాటతోనే నాకు అర్థమైంది” అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కళ్ళు మూసుకున్నది నిద్రకు కాదు, నా మాటలు వల్లెవేసుకోవడానికి!

బావగారు నావైపు ఒరిగారు. “ఏటమ్మా, ఇయి నీ మాటలు గదా?”

“నీకెలా తెలిసింది బావా?”

“మీ అక్కకి ఇన్ని మాటలెక్కడియి?”

ఇక చెప్పేద్దామనుకున్నాను. ఆ నవ్వు నాది, నా సొత్తు నాకిప్పించండని అడుగుదామని మ్యూటు తీయబోయాను. అంతలో హైదరాబాదులో చదువుకుంటున్న సుజన అనే అమ్మాయి, అక్క ఆఖరుసారి బోధించిన బొమ్మను తెర మీద పెట్టింది.

ఆ బొమ్మ నేనెన్నడూ చూడలేదు. ఆ వారం “ఏం బొమ్మక్కా?” అని అడిగితే, “ఏటీ లేదు” అని ఫోను బోర్లా పెట్టేసింది. ఇద్దరు ఆడవాళ్ళు బల్ల దగ్గర కూర్చున్నారు. ఒకామె వీపు మనవైపు ఉంది. బల్ల మీది దీపం ఆమె చాటున పడి కనిపించదు. ఎదుటి ఆమె ముఖం మాత్రం వెలిగిపోతోంది. దీపం వేయడం చిత్రకారుడు మరిచిపోయాడా అని సుజన అడిగిందట. అక్క ఇలా అన్నదట:

“దీపం మనకు కనిపించక్కర్లేదమ్మా. ఆ ముఖం చూస్తే చాలు, దీపం ఎంత దగ్గరగా కూర్చుందో తెలుస్తుంది.”

నా మాటల మూటంతా విప్పి వెతికాను. అది నాది కాదు.

“రోజూ ఆవిడతో గడిపినవారు, మీరూ ఏదైనా చెప్పండమ్మా. మీ ఇల్లంతా నవ్వులేనేమో!” అన్నారు భాస్కరరావుగారు.

“అవునండీ,” అన్నాను. “మాకు పొట్టలు చెక్కలయ్యేవి.”

బావగారు ముఖం తిప్పుకున్నారు.

సంచికలో ఆమె సూక్తులు అచ్చువేస్తామని చెప్పారు. కరెంటు, కప్పు, పనసకాయ, మూడూ ఆమె పేరుతోనే వేయండి. నా నోట ఉండి ఉంటే పలాసలో పొట్టుతోపాటు ఊడ్చి పారేసేవారు. నేను పారబోసుకున్నవాటిని ఆమె ఏరి దాచి, నేనెరుగని పెద్దల ముందు మర్యాదగా నిలబెట్టింది. కాని దీపం మాట మాత్రం ఆ మూడింటి సరసన వేయకండి. దాన్ని విడిగా, పెద్ద అక్షరాలతో, ఆమె ఫోటో కిందనే వేయండి. అది ఆమె సొంతం. ఎవరూ అందించనిది. నాకున్న అసూయలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట మీద అసూయ ఒక ఎత్తు.

మా ఇంట ఎవరేమన్నా ఎదురుమాట లేకుండా పోనిచ్చిన పాపాన పోలేదు నేను. దీనికీ ఒకటి వెతుకుతున్నాను. పప్పు దగ్గర కూర్చుని వెతికాను, పలాస బస్సులో ఆమె సీటు ఖాళీగా ఉంచి పక్కన నిలబడి వెతికాను. దొరకడం లేదు.

ఇంత మాటనేసి, నా జవాబు కోసం కొంచెం ఆగలేకపోనావేటక్కా.