పసుపు తడి తాగిన శుభలేఖలు

నా బల్ల మీద పనిముట్లు ఎక్కువ ఉండవు. స్టీలు స్కేలు, కట్టర్ బ్లేడు, కింద పరచుకునే రబ్బరు షీటు, గోందు సీసా, ఇంకు అయిపోయిన ఒక బాల్‌పెన్ను, ఒక నాడె. ఖాళీ పెన్నుతో ముందుగా గీత నొక్కకుండా మందపాటి కాగితాన్ని మడిస్తే మడత దగ్గర పగులుతుంది. గీత నొక్కి, మడిచి, నాడెతో గట్టిగా ఒక్కసారి రుద్దితే కొత్త చీర మడతలా కూర్చుంటుంది. ఆ నాడె మా మామగారిది. మగ్గం మీద దారాన్ని అటూ ఇటూ మోసి మోసి ఆ కర్ర నున్నగా తేలింది. మగ్గం తీసేసిన నాడు పొయ్యిలో పెట్టబోతుంటే లాక్కున్నాను. అంతకంటే మంచి పనిముట్టు నాకు ఏ దుకాణంలోనూ దొరకలేదు.

ఈ మాట మా ఇంట్లో ఎవరికీ పట్టదు. రాయని పెన్నులు ఇంట్లో ఉంటే దరిద్రమని మా ఆయన వాటిని చెత్తబండిలో వేశాడు. నా కాగితాల కత్తెరతో మా అత్తమ్మ పాలప్యాకెట్లు కోసింది. అన్నీ నాకు గుర్తున్నాయి. అన్నిటికంటే బాగా గుర్తున్నది మా ఆడబిడ్డ అన్న మాట. ఆమె కొత్త ఇంట్లో పాలు పొంగించిన రోజు నేను చేసిచ్చిన శుభాకాంక్షల కార్డును అందరి ముందూ తిప్పి చూసి, "బడిపిల్లల ప్రాజెక్టు లెక్కున్నది వదినా, మార్కులెన్ని ఏసిన్రు?" అంది. ఎవరెవరు ఎక్కడ కూర్చుని నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

అందుకే ఈ ఏడు ఆమె కూతురికి పెళ్లి కుదిరినప్పుడు నేనే అడిగాను. దేవుడి దగ్గర పెట్టే మొదటి శుభలేఖ, ఇంటి పెద్దలకిచ్చే మరికొన్ని నేను చేస్తాను, మిగతావి ప్రెస్సులో కొట్టించుకోండి అన్నాను. "సరే వదినా" అంది. దేవుడి ముందు మొదట నిలిచేది నా చేతి కార్డు అయితే ఆ నవ్వుకు జవాబు దొరుకుతుంది. నాకు కావలసింది అంతే.

చేత్తో తయారైన గరుకు కాగితం తెచ్చాను. మా మామగారు జంపఖానా అంచుల్లో నేసే డైమండ్ల వరుసను బ్లేడుతో ఒక్కొక్కటే కోసి తీశాను. మెడ పట్టేసింది, వేలికి కాయ కాసింది. గుడికి వెళ్లే రోజు పొద్దున కార్డులన్నీ సమంగా పేర్చి, మడతలు కూర్చోవడానికి మీద సన్నికల్లు పెట్టి స్నానానికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి అత్తమ్మ చేతిలో పసుపు గిన్నె ఉంది.

"నాలుగు మూలలకు బొట్లు పెట్టిన బిడ్డా. ఉత్త కార్డు దేవుని కాడికి పోవద్దు కదా. మల్ల ఎట్లున్నయట్లనే రాయి పెట్టిన."

శుభలేఖ అంటే పసుపు బొట్లు ఉండాల్సిందే. ప్రెస్సు కార్డు మీద ఆ బొట్టు ఆరిపోయి చక్కగా ఉంటుంది. నా కాగితం తడి తాగే రకం. రాయి ఎత్తి చూస్తే కట్ట కట్టంతా ఒక అట్టలా అంటుకుపోయి ఉంది. నాడె మొన దూర్చి విడదీయబోయాను. పై కార్డు డైమండ్లు కింది కార్డుకు అంటుకుని ఊడి వచ్చాయి. రెండోది అంతే. మూడోది అంతే. ఒక్కటీ మిగలలేదు.

అప్పుడే మా ఆడబిడ్డ ఆటో దిగింది. బల్ల వైపు చూసి, "గిదేంది వదినా, పసుపు దంచినవా?" అంటూ సంచిలోంచి తళతళలాడే కార్డు ఒకటి తీసింది. "పాయె, ఏం కాదు. ప్రెస్సుది నా దగ్గరున్నది."

మిగతావి ప్రెస్సులో అయ్యాయి సరే, నావి పాడయ్యాయని తెలియకముందే గుడికి ఒకటి సంచిలో పెట్టుకుని వచ్చింది. అంటే నాది వస్తుందని ఆమె మొదటి నుంచీ అనుకోలేదు.

"జర ఒక్క గంట ఆగు. ఇంకోటి చేసిస్త," అన్నాను.

"గంటల వర్జ్యం వస్తది వదినా. నీ ఒక్క కార్డు కోసం లగ్గం ఆపుమంటవా?"

"నీ కార్డులు తర్వాత చుట్టాలకిద్దాం తియ్యి. ఫికర్ చెయ్యకు," అని మా ఆయన కూడా ఆమెతో పాటు ఆటో ఎక్కాడు.

మిగిలిన కాగితం ఒక్కటే. కొత్త బ్లేడు ముక్క విరిచి కూర్చున్నాను. తొందరపడితే స్కేలు జారుతుంది. జారింది. అంచున ఒక డైమండు కాస్త వంకర పోయింది. అయినా గీత నొక్కి, మడిచి, రుద్ది, ఇంకా తడి ఆరని జుట్టు ముడేసుకుని బయటికి పరుగెత్తాను. వాళ్ల ఇలవేల్పు గుడి హసన్‌పర్తి దాటాక ఉంటుంది. ఆటోలో దారి పొడుగునా కార్డును అరచేతుల మధ్య పట్టుకుని, వాళ్లకు రైలు గేటు దగ్గర ఆలస్యం కావాలని మొక్కుకున్నాను.

అక్కడ కొబ్బరికాయ అప్పటికే కొట్టేశారు. విగ్రహం పాదాల దగ్గర ప్రెస్సు కార్డు నిలబడి ఉంది.

"ఇటివ్వమ్మా, ఇదీ పెడతాను," అని పూజారి నా చేతిలోది అందుకుని, తెరిచి చూడకుండానే దాని కిందికి తోశాడు.

"అయిపాయె కదా వదినా, దేవునికి ముట్టింది," అంది ఆడబిడ్డ.

"ముట్టలే. ఎవ్వలు తెరిచి సూడనే లేదు. నేను చేసింది మొదటిది, కింద పెట్టేది కాదు. అయ్యగారూ, నా కార్డు నాకియ్యుండ్రి."

"దేవునికిచ్చింది వాపసడుగుతరా! నలుగురు నవ్వుతరు వదినా."

"నవ్వని."

తమ శుభలేఖతో పక్కన నిలబడ్డ వేరే పెళ్లివాళ్లు నిజంగానే నవ్వారు. మా ఆయన నా భుజం పట్టి లాగాడు. పూజారి నా వైపు చూడకుండా వేరేవాళ్ల పళ్లెం అందుకున్నాడు. నేను గడప దగ్గరే చేయి చాపి నిలబడ్డాను. నా కార్డు అంచు, ఆ వంకర డైమండు, ప్రెస్సు కార్డు కిందనుంచి కొంచెం కనబడుతూనే ఉంది.