ముందు నిన్ను తీసేసి విను

మా మామ పోయాడు. అమ్మకు తమ్ముడు, కోవిల్‌పట్టిలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడిపినవాడు, నాకు నెట్‌వర్కు పని నేర్పిన గురువు. పోయిన నెలలో ఒక ఉదయం దుకాణం తెరిచి, కుర్చీలో కూర్చుని, చెప్పిన టీ వచ్చేలోపే వెళ్ళిపోయాడు. ఆ వార్త నాకు ముందు అమ్మ చెప్పింది. తర్వాత పిన్ని చెప్పింది. తర్వాత చుట్టాల ఫోను గ్రూపులో వచ్చింది. చివరికి అమ్మే మళ్ళీ ఫోను చేసి, ఇందాక చెప్పానో లేదో అంటూ ఇంకోసారి చెప్పింది. ఒకే మాట ఇన్నిసార్లు వస్తే మామ నవ్వేవాడు. "బదులు రాలేదని మళ్ళా మళ్ళా పంపుతా ఉండారు తాయీ. అందింది అని ఒక మాట చెప్పెయ్యి, ఆగిపోతారు" అనేవాడు. తాయీ అంటే నన్నే, మా వైపు ఆడపిల్లను అలా పిలుస్తారు. నెట్‌వర్కులోనూ అంతేనట. నేను ఆ రోజు ఎవరికీ బదులు చెప్పలేకపోయాను.

మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారు గాని చదవరు. కోవిల్‌పట్టి చుట్టూ నల్లరేగడి ఊళ్ళలో మా తాతల తాతలు ఎప్పుడో వచ్చి పడ్డారు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. ఈ లిపిని నేను పెద్దయ్యాక పంతం పట్టి నేర్చుకున్నాను. మామకు చివరిదాకా రాలేదు. కాబట్టి ఇక్కడ ఆయన గురించి ఏం రాసినా, చదివి తప్పులు పట్టే ప్రమాదం లేదు. ఆయన బతికుండగా ఇంత సౌకర్యం నాకు ఎన్నడూ లేదు, ఇప్పుడు వచ్చింది గాని ఏం చేసుకోను.

ఆయన ప్రాణమంతా ప్యాకెట్లు పట్టే సాఫ్ట్‌వేరు మీదే. కంప్యూటర్ల మధ్య తీగలో పోయే సమాచారం చిన్న చిన్న మూటలుగా, అంటే ప్యాకెట్లుగా, పోతుంది. ప్రతి మూట మీదా ఎక్కడినుంచి ఎక్కడికో రాసి ఉంటుంది. ఆ మూటలకు నకలు తీసి, వరుసగా తెర మీద చూపించేది ఈ సాఫ్ట్‌వేరు. ఏ జబ్బుకైనా ముందు నాలుక చాపమనే డాక్టరులాగా, కంప్యూటరుకు ఏం వచ్చినా మామ ముందు దాన్నే తెరిచేవాడు. ప్రింటరు కాగితం లాగకపోయినా అదే. కరెంటు పోయినప్పుడు కూడా తెరవబోయాడని అత్త అంటుంది. నేను నమ్మను, కాదని వాదించనూ లేను.

నాకు ఆ విద్య చెప్పింది దుకాణంలో కాదు. పక్క వీధిలో కడలమిట్టాయి, అంటే వేరుశెనగ పాకం అచ్చులు, చేసేవాళ్ళ గోదాము ముందు నిలబెట్టి చెప్పాడు. లోపల ఆడవాళ్ళు వేరుశెనగ గింజలు జల్లెడ పడుతున్నారు.

"చూస్తివా తాయీ. నెట్‌వర్కు కార్డు మానం గల మనిషి. తన పేరు లేని మూట వస్తే ముట్టదు. ఎవురిది వచ్చినా తీసుకో అని మనం దానికి చెప్పల్ల. మూట లోపలికి వస్తే అసలుది దాని దోవన అది పోతుంది. మనకు పక్క దోవలో నకలు వస్తుంది."

"వచ్చినవన్నీ చూస్తామా మామా?"

"అన్నీ ఎందుకు? వీళ్ళు జల్లెడ ఎక్కడ పట్టుకోని ఉండారు? గోదాము లోపల. మూటలన్నీ వంటింటికి మోసుకోని పోయి అక్కడ జల్లిస్తే నడుములు విరిగిపోతాయి. మన జల్లెడ కూడా అంతే. ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి గదిలోనే ఉండాల. నువ్వు రాసే నియమాన్ని చిన్న చిన్న ఆజ్ఞలుగా మార్చి లోపలికి పంపిస్తారు. అక్కడే ఏరి, కావలసింది మాత్రం మనకు ఇస్తారు."

ఆయన చూపు మాత్రం జల్లెడ మీద లేదు, పళ్ళెంలో ఆరుతున్న మిట్టాయి మీద ఉంది. చక్కెర జబ్బు వచ్చాక అత్త ఇంట్లో మిట్టాయి నిషేధించింది. నాకు పాఠం చెప్పే వంకతో ఆ గోదాముకు ఎన్నిసార్లు వెళ్ళామో చెబితే అత్త ఇప్పుడు కూడా కోప్పడుతుంది.

ఒకే పని చేసే సాఫ్ట్‌వేరు లినక్సులో ఒకలాగా, మ్యాకులో ఒకలాగా, విండోసులో ఒకలాగా ఎందుకు లోపలికి పోతుందో నాకు ఎంతకీ ఎక్కలేదు. మామ దానికి పెళ్లి సంబంధాలు పట్టుకొచ్చాడు.

"మూడు ఇండ్లు తాయీ. లినక్సు ఇంట్లో మూటలు చూసేదానికే ఒక దొడ్డి వాకిలి ఉండాది. ఇంటి పెద్ద ఒప్పుకుంటే ఎవురైనా పోవచ్చు. మ్యాకు ఇంట్లో లోపల ఒక కిటికీ కట్టి పెట్టి ఉండారు, దాని ముందర నిలబడి అడిగి తీసుకోవల్ల. విండోసు ఇంట్లో మనకని ఏ వాకిలీ లేదు. మన మనిషిని ఒకణ్ణి ఇల్లరికం పంపించల్ల. డ్రైవరు అంటారే, అది ఇల్లరికం అల్లుడు. అల్లుడు మంచోడైతే సరి. లేదంటే ఇల్లే కూలిపోతుంది, తెర నీలంగా అయిపోతుంది."

"మరి మన సాఫ్ట్‌వేరు మూడు రకాలుగా రాయాలా?"

"లేదు. నడాన పెళ్లి తరగరు ఒకడు ఉంటాడు, సంబంధం కుదిర్చేవాడు. లైబ్రరీ అంటారు. ఏ ఇంట్లో ఎట్ట మాట్లాడల్లనో వాడికి తెలుసు. మనతో మాత్రం ఎప్పుడూ ఒకే మాట."

మా కులంలో ఇల్లరికపు అల్లుడంటే ఇంకా ఎగతాళే. మామ స్వయంగా అత్త ఇంటికి ఇల్లరికం పోయినవాడు. ఆ పాఠం చెబుతున్నంతసేపూ అత్త గుమ్మంలో నిలబడి వింది. చివర్లో "తెర నీలంగా పోయి చాన్నాళ్ళాయె" అని లోపలికి వెళ్ళింది.

ఆవిడా తక్కువది కాదు. మూటలు మరీ వేగంగా వస్తే, వాటిని దాచే చోటు, బఫరు అంటారు, నిండిపోయి కొన్ని జారిపోతాయి. మంచి సాఫ్ట్‌వేరు ఎన్ని జారిపోయాయో చివర్లో దాచకుండా చెబుతుంది. అత్త బజారు నుంచి తెమ్మన్న సరుకుల్లో సగం మరిచి వచ్చినప్పుడల్లా మామ "బఫరు నిండిపోయింది" అనేవాడు. "ఎన్ని జారిపోయినాయో చెప్పు మరి, నీ సాఫ్ట్‌వేరు చెప్తుంది కదా" అనేది అత్త. మామ సంచీ తీసుకుని మళ్ళీ బజారుకు బయల్దేరేవాడు.

ఆయన గురించి అందరికీ చెప్పాల్సిన సంగతి ఒకటుంది. విరుదునగర్‌లో పప్పులు టోకున అమ్మే ఒక మండిలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నాకు మామే మాట చెప్పి ఇప్పించాడు. ఒక వేసవిలో అక్కడ నెట్‌వర్కు నత్తనడక పట్టింది. బిల్లులు కదలవు, బయట లారీలు కదలవు. మొదలాళి, అంటే మా యజమాని, రెండు రోజులు చూశాడు. మర్నాడు మదురై నుంచి ఒక కంపెనీవాళ్ళు వస్తారని, నచ్చితే పని మొత్తం వాళ్ళకే ఇచ్చేస్తానని చెప్పాడు. పని వాళ్ళకిస్తే నేను ఇంటికి పోవాలి. నా జీతంతో పాటు మామ మాట కూడా పోతుంది.

మామకు ఫోను చేశాను. "బస్సెక్కే పని లేదు" అని, కోవిల్‌పట్టి నుంచే నా కంప్యూటరులోకి దూరి, అందులో ప్యాకెట్లు పట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఫోను స్పీకరులో పెట్టమన్నాడు. మొదలాళికి వినబడేలా, గొంతు సవరించుకుని తమిళంలో ప్రకటించాడు.

"దొంగ దొరికాడు సార్. మీ ఆఫీసులో ఒకే ఒక్క మెషీను తీగనంతా నింపేస్తోంది."

చిరునామా చదివాడు. అది నా బల్ల మీది కంప్యూటరుది.

"ఎక్కడికి పంపుతోంది?" అన్నాడు మొదలాళి.

"బయటికి సార్. కోవిల్‌పట్టి పక్క ఏదో లైనుకు."

మొదలాళి నావైపు తిరిగాడు. "కోవిల్‌పట్టిలో నీకు ఎవరున్నారు?"

"మా మామ ఉన్నాడు సార్."

"ఎవరాయన?"

నేను ఫోను వైపు చెయ్యి చూపించాను.

 మామ మెల్లగా "నేను బస్సెక్కి వస్తా తాయీ" అని పెట్టేశాడు.

జరిగింది ఇది. ఆయన దూరం నుంచి నా తెర చూస్తున్నాడు కాబట్టి, నా తెర బొమ్మ మూటలు కట్టుకుని ఆయనకు పోతోంది. ఆ మూటలను నా కంప్యూటరు పట్టి కొత్త వరుసలుగా చూపిస్తోంది. వరుసలు పెరిగితే బొమ్మ మారుతుంది, మారిన బొమ్మ మళ్ళీ ఆయనకు పోవాలి. బావిలోకి కేకేసి, లోపల ఎవరో ఉన్నారని భయపడినట్టు అయింది. పైగా మా ఆఫీసులో తీగలన్నీ కలిసే పెట్టె, స్విచ్చి అంటారు, ఎవరి మూట వాళ్ళకే ఇచ్చే రకం. మిగతా మెషీన్ల సంగతి నా కంప్యూటరుకు అసలు కనబడనే కనబడదు. ఇదంతా ఆయన నాకు నేర్పిన పాఠమే.

సాత్తూరు మీదుగా వచ్చిన బస్సు దిగి, మధ్యాహ్నానికల్లా చేతిలో కడలమిట్టాయి పొట్లంతో మండిలో నిలబడ్డాడు. నేరుగా మొదలాళి ముందుకు పోయి, "పొద్దున పట్టిన దొంగను నేనే సార్. ఈ పిల్లది ఏమీ తప్పు లేదు" అన్నాడు. పెద్ద మనిషి అలా తల వంచుకుని చెబుతుంటే నాకు నవ్వు రావాల్సింది, రాలేదు.

తర్వాత స్విచ్చిలో ఒక రంధ్రానికి మిగతా అన్నిటి నకలూ వచ్చేలా మార్చాడు. జల్లెడలో మొదటి నియమంగా తన మెషీనును, రెండో నియమంగా నా మెషీనును వదిలేయమని రాయించాడు.

"ముందు నిన్ను నువ్వు తీసెయ్యి తాయీ. అప్పురం విను. మనిషైనా అంతే."

గుమాస్తాలు ఫోనుల్లో ఏం చూస్తున్నారో కూడా బయటపెట్టమని మొదలాళి అడిగాడు. మామ ప్రతి మూటలో ముందు భాగం మాత్రమే పట్టేలా పెట్టి, "చిరునామా చాలు సార్, లోపలి ఉత్తరం మనకెందుకు" అన్నాడు.

అసలు దొంగ త్వరగానే దొరికాడు. గోడకున్న కెమెరాల పెట్టె. అది మండి బొమ్మను పెద్ద సైజులో, విరామం లేకుండా, మొదలాళి ఇంటికి పంపుతోంది. మామ దాని తీగ పీకగానే లైను తేలికైపోయింది. ఇంకాసేపటికి మొదలాళి వాళ్ళమ్మ వెనక వీధిలోని ఇంట్లోంచి నడిచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె పొద్దున లేచింది మొదలు హాలులో టీవీ పెట్టుకుని కొడుకు మండినే చూస్తుందట. సీరియళ్ళ కన్నా ఇదే బాగుందట.

బస్సులోనైనా బజారులోనైనా, మా వాళ్ళు పక్కవాళ్ళ గురించి వాళ్ళ ముందే తెలుగులో మాట్లాడేస్తారు. ఎవరికి అర్థమవుతుందని ధీమా. మామ కూడా నవ్వు మొహంతో ఆమెకు దండం పెడుతూనే నాతో అన్నాడు.

"ఈ ముసిలామె ఇంట్లో కూచోని లైనంతా తాగేస్తా ఉండాది. ఉండేది ఉన్నట్టు చెప్తే మొదలాళి అలిగిపోతాడు. కెమెరా చెడిపోయింది అని చెప్తా, నువ్వు తల ఊపు."

"ముసిలామె తాగేది కాపీ మాత్రమే నాయనా" అంది ఆమె, చక్కటి తెలుగులో. "అరుప్పుకోట్టలో నేతవాళ్ళ వీధిలో పుట్టి పెరిగినదాన్ని. నా సావాసగత్తెలంతా తెలుగోళ్ళే. కెమెరా చెడిపోయిందా, చెడగొట్టినావా?"

మామ మొహం చూడవలసింది. పెట్టిన దండం దించకుండా అలాగే నిలబడిపోయాడు. తర్వాత కుర్చీ వేసి, ఆమెను కూర్చోబెట్టి, మిట్టాయి పొట్లం విప్పి చేతికిచ్చి, గోదాము జల్లెడ మొదలు అంతా చెప్పాడు, తాను దొంగ అయిన సంగతితో సహా. ఆమె ఓపిగ్గా విని, కొడుకుతో తమిళంలో రెండే ముక్కలు అంది. మదురైవాళ్ళు వస్తే నా టీవీ ఆపేస్తారు. ఈ పిల్లే ఉండనీ.

నా ఉద్యోగం అలా నిలిచింది. బొమ్మను చిన్నగా, మసకగా పంపేలా మార్చి కెమెరా మళ్ళీ పెట్టాం. మామతో బస్‌స్టాండు దాకా నడిచాను. దారిలో, "మన తెలుగు బీగం అనుకోని ఉంటిమి తాయీ, అది ఉత్త తెర" అన్నాడు. ఆ రోజు తర్వాత మా ఇంట్లో ఎవరూ బస్సులో నోరు విప్పలేదని చెప్పాలని ఉంది గాని, మా అమ్మ సంగతి మీకు తెలియదు.

అప్పటి నుంచి మామ మధ్యాహ్నం అన్నం వేళకు రోజూ నా కంప్యూటరులోకి వచ్చేవాడు. లైను ఎట్లా ఉందో చూడటానికి అనేవాడు. తెర మీద ఒక మూల "తింటివా" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పోయేవాడు. ఆయన రాకపోకలు నా లెక్కల్ని పాడు చెయ్యకుండా, ఆయన మెషీనును వదిలేయమనే నియమాన్ని జల్లెడలో మొదటి వరుసగా అలాగే ఉంచేశాను.

కర్మలన్నీ ముగిసి విరుదునగర్ వచ్చాక, అన్నం వేళకు చెయ్యి దానంతటదే ఆ సాఫ్ట్‌వేరు తెరిచింది. మొదటి వరుస ఎప్పటిలాగే ఉంది. దాన్ని చెరిపేశాను. ఈసారి ఆయన్ని తీసెయ్యకుండా చూద్దామనిపించింది. బిల్లుల మెషీను, ప్రింటరు, కెమెరా పెట్టె, అన్నీ వచ్చాయి. కోవిల్‌పట్టి నుంచి ఒక్క వరుస కూడా లేదు. ఆ నియమం ఉన్నా లేకపోయినా తెర ఒకేలా ఉంది.

ఫోను మోగింది. మొదలాళి వాళ్ళమ్మ.

"ఏమి తాయీ, ఇక్కడ బొమ్మ మసకగా ఉండాది. ఏడుస్తా ఉండావా, తుమ్ముతా ఉండావా?"

"తుమ్ము అవ్వా."

"సరి. మెల్లగా తుమ్ముకో."

ఆమె ఫోను పెట్టలేదు, నేనూ పెట్టలేదు. తెర మీద కెమెరా పెట్టె వరుసలు మాత్రం ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి, నా మసక బొమ్మను మోసుకుంటూ, వెనక వీధిలోని ఆ హాలుకు.