చిల్లగింజ తేర్చిన నీళ్లు

నిన్న బద్వేలు సంతలో మూలికలమ్మే ముసలాయన గోనెపట్టా మీద చిల్లగింజలు కనిపించాయి. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. కుండ లోపల ఆ గింజను అరగదీసి బురదనీళ్లు పోస్తే, మడ్డంతా అడుక్కి దిగి పైన నీళ్లు తేటపడేవి. తడి మట్టి వాసన, గింజ గరగర నా వేళ్లను ఇంకా వదల్లేదు.

ఎండాకాలం అమ్మ కట్టెలకు కొండకు పోతే మేమిద్దరం వెంట పోయేవాళ్లం. నాకు పదేళ్లు, చెల్లెలు సలోమికి ఆరు. వంకలో మిగిలిన మడుగు నీళ్లే దిక్కు. చుట్టూ కట్టెలే, మంట మాత్రం పెట్టకూడదు.

"పొగ కనపడితే ఫారెస్టు గార్డు వస్తాడు. నీళ్లు తేర్చి పెట్టు పాపా. ఇంటికి పోయి కాంచినాకే తాగాల" అని చెప్పి ఒకరోజు అమ్మ పైకెక్కింది.

సలోమికి నాలుక పిడచగట్టుకుపోయింది. "అక్కా, ఒక్క గుక్క" అని ఏడ్చింది. కుండలోకి తొంగిచూస్తే నా ముఖం కనిపించింది.

"శానా తేటగా ఉండాయి, తాగు" అని ముంత నేనే అందించాను.

మరునాడు వాంతులు, బేదులు. మూడోరోజుకు చెల్లెలు లేదు. తనే ముంచుకుని తాగిందని అమ్మకు అబద్ధం చెప్పాను.

అమ్మ ఇప్పుడు క్యాన్ నీళ్లు కూడా కాస్తుంది. పొయ్యి ముందు నిలబడి, "ఆ పొద్దు నేను మంట పెట్టనిచ్చింటే" అని తనను తానే తిట్టుకుంటుంది.

అమ్మకు చదువు రాదు. అందుకే ఇక్కడ రాయగలిగాను.